గుర్తు కొట్టని దండకడియాలు

మా సందులో ఎవరైనా పోతే ఆ సంగతి ముందుగా చెవికి తెలుస్తుంది. మధురలో దక్షిణ మాసి వీధి వెనక, మా కంసాలుల సందులో పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకేదాకా సుత్తి మోత ఆగదు. ఒక ఇంట్లో ఆగినా పక్కింట్లో మోగుతూనే ఉంటుంది. మనిషి పోయినప్పుడు మాత్రం అన్ని ఇళ్ళ సుత్తులూ ఒక్కసారిగా నేలకు చేరతాయి. పోయిన నెల ఒక మధ్యాహ్నం బడి నుంచి వస్తూ సందులోకి అడుగు పెట్టాను. ఏ మోతా లేదు. జనం మా వాకిట్లోనే ఉన్నారు. మా మేనమామ పోయారు.

ఆయనకు పేరూ ప్రఖ్యాతీ ఏమీ లేవు. ఈ సందు దాటితే ఆయన పేరు తెలిసినవాళ్ళు తక్కువ. కానీ తేని వైపు పత్తి చేలలో, దిండుగల్లు దారిన బండ్లు తోలేవాళ్ళ ఇళ్ళలో, ఆయన కొట్టిన చిన్న చేప గుర్తు చాలామంది ఆడవాళ్ళ ఒంటి మీద ఉంది. ఆ చేప గురించి, అది పడకుండా మిగిలిపోయిన ఒక చోటు గురించి చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను.

మామ చేసేది కలగలుపు నగలు. అచ్చమైన బంగారం కొనగలిగినవాళ్ళు పెద్ద వీధి అంగళ్ళకు పోతారు. మా సందుకు వచ్చేవాళ్ళు ఒక విరిగిన ముక్కుపుడక, రెండు మూడు కుంపిణీ రూపాయలు, ఒక రాగి చెంబు మూతి మూట కట్టుకొని వస్తారు. వాటినే కరిగించి, లోపల రాగి తీగ పెట్టి, దాని చుట్టూ వెండి పోసి, పైన బంగారు రేకు తొడిగి కడియమో మురుగో చేయాలి. పైకి అన్నీ ఒకేలా మెరుస్తాయి. ఒరగల్లు మీద గీస్తే పైరేకు సంగతి తెలుస్తుంది గాని, కడుపులో ఉన్నది తెలియదు. అది తెలియాలంటే నగను కోయాలి. కోయకుండా తెలుసుకోవడానికే మా సందులో ఒక ఏర్పాటు ఉంది. నగ చేసినవాడే దాని లోపలివైపు, ఒంటికి తగిలే వైపు, గుర్తులు కొడతాడు. బంగారానికి చుక్క, వెండికి నెలవంక, రాగికి గీత. పది పాళ్ళలో ఏది ఎన్ని పాళ్ళు ఉంటే అన్ని గుర్తులు. చివరన తన సొంత ముద్ర. మామ ముద్ర ఆ చేప, బియ్యపు గింజంత.

కొట్టడంలో ఆయనకు కొన్ని పట్టింపులు ఉండేవి. నగ చేయించుకున్నవాళ్ళు వచ్చి ఎదురుగా కూర్చోవాలి. గురివింద గింజలతో తూచి కలిపింది వాళ్ళ కళ్ళ ముందే కాబట్టి, కొట్టడం కూడా వాళ్ళ కళ్ళ ముందే జరగాలి. వాకిట్లో ఎండ ఉండగానే కొట్టాలి. దీపం పెట్టాక ఎంత బతిమాలినా ఉలి ముట్టుకోరు. ముద్ర ఉలి మొనను తడి బొటనవేలితో తుడిచి, ఊపిరి బిగపట్టి, ఒకే దెబ్బ వేసేవారు. తర్వాత నగను వాళ్ళ చేతిలో పెట్టి, "కండ్లు మూసుకో. వేలితో సదువు" అనేవారు.

తేని దగ్గరి పల్లె నుంచి ఏటా వచ్చే ఒక తెలుగు నాయకర్ల ఇంటి ఆమెకు, మామకు జరిగే వాదన నాకు ఇంకా చెవిలో ఉంది. మా తెలుగులో అరవం కలిసిపోయి ఉంటుంది, ‘ఊరికే’ అనడానికి ‘సుమ్మా’, ‘కానీ’ అనడానికి ‘ఆనా’ అంటాం.

"ఆచారీ, చుక్క ఇంకొకటి ఏసెయ్యరాదా? మా వియ్యపురాలి కండ్లు నొయ్యాల" అని ఆమె అడిగేది.

"ఏస్తానమ్మా, చుక్కకేమి, సుమ్మా వచ్చేదే. ఆనా చుక్క ఏస్తే బంగారం పొంగుతాదా? అదేమన్నా పాలా?" అనేవారు మామ.

"లోపల కొట్టేది ఎవురు చూడొచ్చిరి?"

"నీ చెయ్యి చూస్తాది. దినమంతా దాన్ని ఆనుకొని ఉండేది అదే గదా. దానితో అబద్ధమాడి యాడ దాక్కుంటావు?"

"నీ పెండ్లాము నీతో ఎట్ల ఏగుతుండాదో!" అని ఆమె నవ్వేది.

లోపల పొయ్యి దగ్గర నుంచి మా అత్త గొంతు వచ్చేది. "యాడ ఏగినాను తల్లీ! నన్ను గూడా ఎప్పుడో కరిగించేసినాడు!"

నాకు ఈమధ్య మాటల పిచ్చి పట్టుకుంది. బడిలో చెప్పేది అరవం, ఇంగ్లీషు. తెలుగు అక్షరాలు రెండు వీధుల అవతల ఒక పంతులుగారి తిన్నె మీద నేర్చుకున్నాను. మా ముత్తాతలు ఏ ఊరి నుంచి దిగి వచ్చారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆ ఊరి పేరు దారిలో ఎక్కడో జారిపోయింది. నగను పెట్టి కొట్టే దాగలి, పట్టకారు, లోహం కరిగించే మూస, వెలిగారం, అరగదీసే ఆకురాయి అనే పేర్లను మాత్రం ఎవరూ పారేసుకోలేదు. పుస్తకంలో దొరకని ఆ మాటల కోసం నేను బడి వదలగానే మామ ముందు కూర్చొని, కనిపించిన ప్రతి వస్తువునూ చూపించి పేరు అడిగేవాణ్ణి.

"అదా? ఊదుగొట్టం" అన్నారు ఒకసారి. "నీకు గూడా ఆ పేరే పెట్టొచ్చు. వచ్చినప్పటి నుంచి ఊదుతానే ఉండావు."

మరొకసారి వసంత ఋతువు మీద నేను రాసిన వ్యాసం చదివి వినిపించాను. పెద్ద పెద్ద సమాసాలు, ఎక్కడెక్కడి నుంచో ఏరి తెచ్చినవి, వరసగా పేర్చి ఉంచాను. మామ కొలిమి ఆర్పి మరీ విన్నారు. అంతా అయ్యాక, "బాగుండాది అల్లుడా. మెరుస్తాది" అన్నారు. నేను పొంగిపోయే లోపలే, "ఇందులో రాగి ఎంత?" అని అడిగారు.

అత్త పకపకా నవ్వింది. నాకు ఉక్రోషం వచ్చింది. ఆ రాత్రే కాదు గాని, కొన్నాళ్ళకు ఆ కాగితాలు మళ్ళీ చదువుకున్నప్పుడు సగం కొట్టేశాను. ఆ వ్యాసంలోని కోకిల కూడా పోయింది. మా సందులో నేను ఏనాడూ కోకిల కూత వినలేదు మరి. ఇప్పుడు ఆయన గురించి రాస్తుంటే కూడా అందమైన మాట ఏదైనా తోచినప్పుడల్లా ఆ ప్రశ్నే అడ్డం వస్తోంది.

ఇంతమందికి గుర్తు కొట్టిన మనిషి ఒక్క జత నగలకు మాత్రం కొట్టలేదు. అవి మా అమ్మ మోచేతి పైన తొడుక్కునే దండకడియాలు.

మా అమ్మ ఆయనకు ఒక్కతే చెల్లెలు. ఆమె పెళ్ళికి అచ్చంగా బంగారంతో చేసే శక్తి అప్పుడు ఇంట్లో లేదు. మూడు లోహాలూ కలిపి మామే ఆ జత చేశారు. గుర్తు కొట్టబోతుంటే, అప్పటికి బతికి ఉన్న మా తాత చూసి, "ఏమిరా, చెల్లెలికి చేస్తుండావా, సంతకి చేస్తుండావా?" అన్నారట. మా సందులో సొంతవాళ్ళ నగకు గుర్తు కొట్టరు. గుర్తు పరాయివాళ్ళ నమ్మకం కోసం కదా. తోడబుట్టినదానికి కొడితే, నువ్వు నన్ను నమ్మవని తెలుసు, ఇదిగో సాక్ష్యం అని చేతిలో పెట్టినట్టు. మామ ఉలి పక్కన పెట్టి, గుర్తు పడవలసిన చోటును అద్దంలా నున్నగా అరగదీశారు. ఆ నునుపు అమ్మకు ఎంతో గొప్పగా ఉండేది. ఊళ్ళో అందరికీ ఉన్నది తనకు లేకపోవడమే తనకు దక్కిన మర్యాద అనుకునేది.

మా నాయన వాళ్ళది కోయంబత్తూరు. వాళ్ళూ కంసాలులే. అయితే అక్కడ సొంతం, పరాయి అని చూడరు, అందరి నగలకూ గుర్తు కొడతారు. ఈ తేడా ఎవరికీ చెప్పవలసిన అవసరం చాలాకాలం రాలేదు.

నా చిన్నతనంలో మా చిన్నాయన పెళ్ళి జరిగింది. ఇంటినిండా చుట్టాలు. నలుగు పెట్టుకోవడానికి అమ్మ కడియాలు తీసి పీట మీద పెట్టింది. మా నాయనమ్మ ఒకటి తీసి, వెలుగుకు పట్టి, లోపలివైపు తిప్పి చూసింది.

"ఏమే కోడలా, మీ అన్న చేప యాడ? ఏట్లోకి ఈదుకొని పాయనా?" అని అడిగింది. ఆడవాళ్ళంతా నవ్వారు.

"మా మధుర పక్క సొంత ఇంటి ఆడబిడ్డకి కొట్టరత్తా" అంది అమ్మ.

"ఊరికంతా కొట్టేవాడు తోడబుట్టినదానికి కొట్టలేదంటే ఏమి అర్థం? చెప్పుకునేదానికి లోపల ఏమీ లేదనే గదా. పావం, రాగి తొడుక్కొని రాణి మాదిరి తిరుగుతుండావు!"

నాయనమ్మ వేళాకోళానికి అన్నదో, నిజంగానే అన్నదో నాకు ఇప్పటికీ తెలియదు. అంతమంది ఎదుట అన్న తర్వాత ఆ రెంటికీ తేడా లేకుండా పోయింది. మధుర ఆచారి చెల్లెలికే మోసం చేశాడన్న మాట పెళ్ళి విందుతోపాటు అందరి ఇళ్ళకూ వెళ్ళింది. కోసి చూస్తే తేలిపోతుందని ఎవరో అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "దీన్ని కోస్తే మా అన్నను కోసినట్టే" అని కడియాలు రెండూ మళ్ళీ తొడుక్కుంది. ఆ తర్వాత వాటిని తీయలేదు, స్నానానికి కూడా.

"సరి, కోయొద్దు" అంది నాయనమ్మ. "మీ అన్ననే వచ్చి నా ఎదుట చేప కొట్టి పోనీ. కొట్టినాకే నువ్వు పుట్టింటి గడప తొక్కు."

అంతే, అమ్మ మధుర రావడం ఆగిపోయింది. మా నాయన తల్లికి ఎదురు చెప్పే మనిషి కాదు. కానీ నాకు చదువు వయసు వచ్చాక, మధుర బడిలోనే చేర్చాలని పట్టుబట్టి నన్ను మామ ఇంటికి పంపింది ఆయనే. ఆయన నోటితో చెప్పలేని క్షమాపణ అదేనని నేను అనుకుంటాను.

సెలవులకు కోయంబత్తూరు వెళ్ళినప్పుడల్లా ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి మోశాను. మామను ఎన్నోసార్లు అడిగాను, వెళ్ళి కొట్టేసి రావచ్చు కదా అని.

"కొట్టేది ఎంతసేపు అల్లుడా" అనేవారు. "ఆనా ఇప్పుడు నేనుగా పోయి కొడితే, అప్పుడు కొట్టంది దొంగబుద్ధితోనే అని నేనే ఒప్పుకున్నట్టు గదా. మీయమ్మ అడిగితే వేరే. తను నోరు తెరిచి ‘అన్నా, కొట్టు’ అంటే, ఆ నిమిషమే బండి కట్టిస్తా."

అదే మాట అమ్మకు చెబితే ఆమె తల అడ్డంగా ఊపేది. "నేనెట్ల అడిగేది నాయనా? అడిగితే నేను గూడా వాళ్ళతో చేరిపోయినట్టే గదా. నా అన్న దగ్గర నేను సాక్ష్యం అడగాల్నా? తనకే తోచి కొడితే కొట్టనీ."

ఒకరి మీద ఒకరికి కోపం ఉంటే ఏ పండక్కో పబ్బానికో తీరిపోయేది. వాళ్ళిద్దరికీ కోపం లేదు. ఆయన ఆమె అడగాలని ఆగారు, ఆమె తను అడగకూడదని ఆగింది. ఒకరినొకరు అంతగా గౌరవించుకుంటూ ఏళ్ళ తరబడి ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. నేను నేర్చుకున్న మాటల్లో ఇద్దరినీ కదిలించే మాట ఒక్కటి కూడా దొరకలేదు.

ఈ ఏడు వానలతోపాటు మామకు దగ్గు పట్టుకుంది. కొలిమి పొగ లోపల చేరిపోయిందన్నారు వైద్యులు. ఒకనాడు బడికి బయలుదేరుతుంటే పిలిచారు.

"అల్లుడా, మీయమ్మకి చెప్పి పంపు. కడియాలేసుకొని రమ్మను."

"అమ్మ అడగలేదు మామా" అన్నాను.

"అడగొద్దు. నేనే కొడతాను." కొంచెంసేపు దగ్గి, ఆయాసం తీర్చుకొని మళ్ళీ అన్నారు: "ఎవురెవురికో కొట్టినా. పేరు తెలియనోళ్ళకి కొట్టినా. తనకి మర్యాద చేస్తుండాననుకొని, తనొక్కదాన్నే సాక్ష్యం లేకుండా పరాయి ఇంటికి పంపినా."

కోయంబత్తూరు పోయే బండివాడితో ఆ పూటే కబురు పంపాను. అప్పటి నుంచి రోజూ పొద్దున్నే ఆయన అత్త భుజం పట్టుకొని వాకిట్లోకి వచ్చి, ఎండ పడే చోట దాగలి ముందు కూర్చునేవారు. పని చేసే ఓపిక లేదు. ముద్ర ఉలి మాత్రం చేతిలో ఉండేది. బండి చప్పుడు వినిపిస్తే తల ఎత్తేవారు. "ఎండ పోతాది, వచ్చేది వచ్చేస్తే బాగుండు" అనేవారు. ఎండ వాకిలి దాటిపోయాక అత్త లోపలికి తీసుకుపోయేది.

అమ్మ కబురు అందిన రోజే బయలుదేరింది. ఈసారి నాయన తల్లిని అడగలేదు. తనే బండిలో ఆమె పక్కన కూర్చున్నారు. ఉడుమలపేట దాటాక అమరావతి ఏరు నిండుగా పారుతోంది. నీళ్ళు దిగేదాకా బండ్లన్నీ గట్టు మీదే నిలిచిపోయాయి. ఇక్కడ మామ, అక్కడ అమ్మ, మధ్యలో నీళ్ళు. ఆ నీళ్ళు దిగకముందే ఆయన పోయారు.

మా వాళ్ళలో మరొక ఆచారం ఉంది. పని చేసేవాడు పోతే, మూడోనాటి చిన్నకర్మ రోజున సందు పెద్ద అతని ముద్ర ఉలి మొనను అందరి ఎదుట అరగదీస్తాడు. పోయినవాడి పేరుతో మరెవరూ గుర్తు కొట్టకూడదని. నేను పెద్దాయన కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను.

"అమ్మ దారిలో ఉంది తాతా. వచ్చేదాకా ఆపండి" అన్నాను.

"ఆపి ఏమి చేసేది నాయనా? కొట్టే చెయ్యి యాడుండాది?" అన్నాడాయన. "మనిషి పోయినాక ముద్ర ఊరికే పడుంటే దానికి కాళ్ళొస్తాయి. అది యాడ నడిచినా మీ మామకే చెడ్డ పేరు."

ఆయన చెప్పింది నిజం. మామ ఉన్నా అదే అనేవారు. పెద్దాయన ఆకురాయి తీసుకొని, కన్నీళ్ళు తుడుచుకుంటూ, ఆ చిన్న చేపను అరగదీశాడు. ముందు తోక పోయింది, తర్వాత పొలుసులు, చివరికి నున్నటి ఇనుము మిగిలింది.

మరునాడు పొద్దున అమ్మ బండి వచ్చింది. ఆమె ఏడవలేదు. నేరుగా వాకిట్లోకి వచ్చి మామ కూర్చునే చోట దాగలి ముందు కూర్చుంది. ముద్ర సంగతి అత్త చెప్పింది. అమ్మ చేత్తో కడియాన్ని తడుముకుంది. పలకరించడానికి వచ్చిన సందు పెద్ద ఆమె పరిస్థితి చూడలేక, "నేను కొడతానమ్మా. మీ అన్న పని నాకు తెలీదా? నా ముద్రే వేస్తాను, ఎవురు కాదంటారో చూస్తా" అన్నాడు.

"మీరు తూచినారా పెదనాయనా? మీరు కలిపినారా?" అని అడిగింది అమ్మ.

"లేదు తల్లీ."

"తూచనోళ్ళు కొడితే మా అన్న ఒప్పుకునేవాడా?"

అమ్మ ఎడమ చేతి కడియాన్ని పట్టుకొని కిందికి లాగింది. అన్ని ఏళ్ళుగా తీయనిది, రాలేదు. అత్త ఆముదం తెచ్చి రాసింది. ఇద్దరూ కలిసి మెల్లగా తిప్పి తిప్పి తీశారు. అమ్మ దాన్ని దాగలి మీద పెట్టింది.

"కోయండి" అంది.

అత్త ఉలిక్కిపడింది. "ఒద్దు అమ్మణ్ణీ. ఆయన చేతి పని. కోస్తే మళ్ళీ చేసేదానికి ఆయన లేరే!"

"ఆయన ఉండగా కోసుంటే ఆయన్ను నమ్మనట్టు వదినా. ఇప్పుడు కోయకుంటే వాళ్ళన్న మాటే నిలిచిపోతాది. బదులు చెప్పేదానికి ఆయన లేడు గదా. ఇంగ ఎవురు చెప్తారు, నేను గాక?"

పెద్దాయన ఉలి పెట్టాడు. రెండు దెబ్బలకు కడియం తెగింది. తెగిన ముఖాన్ని ఆకురాయితో సాపు చేసి, నీళ్ళలో ముంచి, ఎండకు పట్టాడు. అందరం వంగి చూశాం. నడుమ దబ్బనమంత రాగి తీగ. దాని చుట్టూ సన్నటి వెండి. తక్కినదంతా, బయటి అంచు దాకా, బంగారమే. ఆ లేమిలో అంత బంగారం ఎక్కడ నుంచి ఎట్లా కూడబెట్టారో అత్తకు కూడా తెలియదు.

"కొట్టుంటే ఎనిమిది చుక్కలు" అన్నాడు పెద్దాయన. "ఈ సందులో నేను ఇన్ని చుక్కలు చూసింది లేదు."

ఎవరూ సంతోషించలేదు. ఆ మాట వినవలసిన మనిషి వాకిట్లో లేడు. ఏళ్ళ క్రితమే ఆ ఎనిమిది చుక్కలూ పడి ఉంటే అమ్మ ఏడాదికొకసారైనా అన్నను చూసుకొని ఉండేది. ఎక్కువ ప్రేమించినవాళ్ళకు ప్రేమ చూపించనక్కర లేదని మామ అనుకున్నారు. ఆ ఒక్క లెక్కే ఆయన తప్పారు. ఇన్ని మాటలు నేర్చుకుంటున్న నేను, చెప్పవలసినవాళ్ళకు చెప్పవలసింది ఉన్నప్పుడే చెప్పేయాలని ఆయన దగ్గర, ఆయన పోయాక, నేర్చుకున్నాను.

మా నాయన ముందుకు వచ్చి, తెగిన కడియాన్ని తన పైబట్టలో చుట్టుకున్నారు. "మా అమ్మకు నేనే చూపిస్తాను" అన్నారు. ఆ విషయం మీద ఆయన మాట్లాడగా నేను విన్నది అదే మొదలు.

రెండు రోజులుండి వాళ్ళు కోయంబత్తూరు బయలుదేరారు. బండి ఎక్కుతూ అమ్మ ఎడమ చెయ్యి చాచి గూడు వాసాన్ని పట్టుకుంది. కొంగు భుజం మీదికి జారింది. నల్లటి ఆ చేతి మీద, కడియం ఉన్నంత మేర, ఏ ఎండా సోకని లేత చర్మం ఒక చుట్టుగా బయటపడింది. చంటిబిడ్డ చర్మంలా ఉంది. ఆమె దాన్ని కప్పుకోలేదు. బండి పెద్ద వీధి జనంలో కలిసేదాకా ఆ తెల్లటి చుట్టు నాకు కనిపిస్తూనే ఉంది.